చీటీ అడగని మందులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డాక్టరు చీటీ లేకుండా కొనే మందుల గురించీ, బలానికని వాడే క్యాప్సూల్స్, పొడుల గురించీ కొంతకాలంగా వస్తున్న ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. ఉత్తరాలను కుదించాను. ఒకే విషయం అడిగినవారికి కలిపి ఒకే జవాబు రాశాను.

ప్రశ్న: మా నాన్నగారికి అరవై ఎనిమిదేళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు, వాటితో పాటు గ్యాస్ మాత్రలు నాలుగేళ్లుగా వాడుతున్నారు. ‘ఇవన్నీ ఓటీసీ మందులే, చీటీ అక్కర్లేదు’ అని షాపువాళ్లు అంటారు. ఈ మధ్య అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెబితే నరాల బలానికని ఇంకో క్యాప్సూల్ ఇచ్చారు. ఆయన వాడే అన్ని స్ట్రిప్పుల ఫోటోలు పంపుతున్నాను. ఇలా వాడవచ్చా? — పాఠకురాలు, నల్గొండ

జవాబు: ముందు చట్టం సంగతి చెప్పి, తర్వాత మీ నాన్నగారి సంగతికి వస్తాను. మన దేశంలో మందుల అమ్మకాన్ని నియంత్రించేవి 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, దాని కింద 1945లో వచ్చిన నిబంధనలు. వాటిలో ఎక్కడా ఓటీసీ (ఓవర్ ద కౌంటర్, అంటే చీటీ లేకుండా బల్ల మీద అమ్మే మందులు) అనే వర్గానికి నిర్వచనం లేదు. ఉన్నవల్లా చీటీ చూసి మాత్రమే అమ్మవలసిన మందుల జాబితాలు. 500కు పైగా మందులున్న షెడ్యూల్ హెచ్, కొన్ని యాంటీబయాటిక్‌లనూ క్షయ మందులనూ అలవాటుగా మారే మందులనూ విడదీసి 2014 మార్చి 1 నుంచి అమలు చేసిన షెడ్యూల్ హెచ్1, ఇంకా కఠినమైన షెడ్యూల్ ఎక్స్ వీటిలో ముఖ్యమైనవి. ఈ జాబితాలలో లేని మందు ఏదైనా చీటీ లేకుండా అమ్ముకోవచ్చునన్నది వ్యాపారం చేసుకున్న అన్వయం. అంటే ఫలానా మందును సామాన్యుడు తనంతట తాను వాడుకున్నా ప్రమాదం లేదని ఎవరో పరిశీలించి, ఎంత మోతాదులో, ఎన్ని మాత్రల ప్యాకెట్టుగా, ఎన్ని రోజులకు అమ్మవచ్చో తేల్చి దానికి ఓటీసీ అని పేరు పెట్టలేదు. జాబితాలకెక్కగా మిగిలినది ఓటీసీ అయి కూర్చుంది. 2022 మే నెలలో కేంద్ర ఆరోగ్య శాఖ పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర, డైక్లోఫెనాక్ పైపూత, కొన్ని ముక్కు చుక్కలు వంటి 16 మందులను చీటీ లేకుండా అమ్మేందుకు ఒక ముసాయిదా ప్రకటించింది. ఐదు రోజులకు మించిన మందు ఇవ్వరాదనీ, అప్పటికీ తగ్గకపోతే డాక్టరును చూడాలనీ అందులో షరతులు పెట్టారు. ఆ ఐదు రోజుల షరతు నా దృష్టిలో ఆ 16 పేర్ల కంటే ముఖ్యమైనది.

ఇక మీరు పంపిన ఫోటోలు. నొప్పి మాత్ర డైక్లోఫెనాక్, గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్. రెండూ షెడ్యూల్ హెచ్ లోనివే. స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూడండి, ఎడమ పక్కన నిలువుగా ఎర్ర గీత కనిపిస్తుంది. దాని పక్కనే రిజిస్టర్డ్ వైద్యుడి చీటీ మీద తప్ప అమ్మరాదన్న హెచ్చరిక ఉంటుంది. పైపూతగా వాడే డైక్లోఫెనాక్‌కూ, మింగే డైక్లోఫెనాక్‌కూ తేడా ఉంది. మీ నాన్నగారు మింగుతున్నారు. కాబట్టి అది ఓటీసీ అని చెప్పడం అబద్ధం.

చట్టాన్ని పక్కన పెట్టి ఒంటి సంగతే చూసినా ఇది ఆందోళన కలిగించే విషయం. మీ నాన్నగారు బీపీకి వాడుతున్నది టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. దానికి డైక్లోఫెనాక్ తోడైతే మూడూ మూడు వైపుల నుంచి మూత్రపిండాల మీద పని చేస్తాయి. టెల్మిసార్టాన్ వడపోత ఒత్తిడిని తగ్గిస్తుంది, హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోని నీటిని బయటికి పంపుతుంది, నొప్పి మాత్ర మూత్రపిండానికి వెళ్లే రక్తనాళాన్ని కుదిస్తుంది. పెద్ద వయసులో, అందులోనూ షుగరు ఉన్నవారిలో, విరేచనాలో ఎండదెబ్బో తగిలి ఒంట్లో నీరు తగ్గిన రోజున ఈ మూడూ కలిసి మూత్రపిండాలను ఉన్నట్టుండి దెబ్బ తీయగలవు. పైగా నొప్పి మాత్ర బీపీని పెంచుతుంది, బీపీ మందు చేసే పనిని తగ్గిస్తుంది.

తిమ్మిర్ల విషయంలో జరిగిందేమిటో చూస్తే ఈ వ్యాపారం పోకడ అర్థమవుతుంది. నొప్పి మాత్ర కడుపులో మంట పుట్టిస్తుంది కనుక గ్యాస్ మాత్ర అమ్మారు. గ్యాస్ మాత్రను ఏళ్ల తరబడి వాడితే ఆహారంలోని బి12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా ఆ విటమిన్‌ను తగ్గించేదే. బి12 తగ్గితే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. అదుపులో లేని షుగరు వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి. రెండింటిలో ఏది కారణమో రక్తపరీక్ష చేయించి తేల్చవలసిన చోట మూడో సరుకుగా క్యాప్సూల్ అమ్ముడుపోయింది. దానిలో పిరిడాక్సిన్, అంటే బి6 విటమిన్, ఎక్కువ మోతాదులో ఉంది. దాన్ని అంత మోతాదులో నెలల తరబడి మింగితే అదే నరాలను దెబ్బ తీసి తిమ్మిర్లను తెప్పించగలదు. ఒక్కో అమ్మకం దాని తర్వాతి అమ్మకానికి దారి వేసింది. ఆ దారిలో ఎక్కడా మీ నాన్నగారిని పరీక్షించినవారు లేరు.

డైక్లోఫెనాక్ ఇక వేసుకోవద్దని చెప్పండి. ఆయన వాడే స్ట్రిప్పులన్నీ, నరాల క్యాప్సూల్‌తో సహా, ఒక సంచిలో వేసుకుని ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), బి12, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగరు సగటు తెలిపేది) పరీక్షలు చేయించమని అడగండి. గ్యాస్ మాత్ర మానాలా, ఎలా మానాలన్నది డాక్టరునే చెప్పనివ్వండి, ఒక్కసారిగా మానితే మంట ఎక్కువయ్యే అవకాశముంది. బీపీ, షుగరు మందులను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

ప్రశ్న: జ్వరానికి 650 మాత్ర, జలుబుకు జలుబు మాత్ర, ఒళ్లు నొప్పులుంటే నొప్పుల మాత్ర వేసుకుంటాను. అన్నీ మామూలు మందులే కదా? — పాఠకుడు, ఏలూరు

జవాబు: మూడు పేర్లతో మీరు ఒకే మందు మింగుతూ ఉండవచ్చు. 650 మాత్ర అంటే పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములు. జలుబు మాత్రలలో చాలావాటిలో అదే పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు ఉంటుంది. నొప్పుల మాత్రలలో ఇంకో మందుతో కలిపి 325 ఉండడం మామూలు. మూడూ పూటకొకటి చొప్పున మూడు పూటలా వేసుకుంటే 1950, 1500, 975 కలిసి 4425 మిల్లీగ్రాములవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు గరిష్ఠ మోతాదు 4000. బరువు తక్కువ ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి, తిండి సరిగ్గా తిననివారికి అంత కూడా తగదు. మోతాదు మించితే పారాసెటమాల్ విరిగినప్పుడు పుట్టే విష పదార్థాన్ని కాలేయం అరాయించుకోలేదు. మొదటి రోజు మనిషికి పెద్దగా ఏమీ తెలియకపోవడమే దీనిలోని ప్రమాదం.

రెండు మూడు మందులను ఒకే మాత్రలో కలిపి అమ్మడం మన మార్కెట్టులో ఎంతగా పెరిగిందంటే, తగిన వైద్య కారణం లేని మిశ్రమాలని కేంద్రం 2016లో 344, 2018లో 328, 2024లో 156 మిశ్రమ మందులను నిషేధించవలసి వచ్చింది. కొన్నిటి మీద కంపెనీలు కోర్టుకెళ్లి మినహాయింపు తెచ్చుకున్నాయి. జాబితాలు గుర్తుపెట్టుకోవడం మన పని కాదు గానీ, పెద్ద అక్షరాల బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరును చదవడం మాత్రం మనం చేయగలిగిన పని. రెండు స్ట్రిప్పుల మీద పారాసెటమాల్ అని కనిపిస్తే ఒకటి పక్కన పెట్టండి.

ప్రశ్న: ఆపరేషన్ తర్వాత బలానికని షాపులో ఇచ్చిన క్యాప్సూల్స్ స్ట్రిప్పు అచ్చం మందులాగే ఉంది. దాని మీద మందుల లైసెన్సు నంబరు బదులు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, పద్నాలుగు అంకెల నంబరు ఉన్నాయి. అది మందా, ఆహారమా? అలాంటి విటమిన్లే ఉన్న ఇంకో మాత్ర ధర దీనిలో నాలుగో వంతు కూడా లేదు. — పాఠకురాలు, వరంగల్

జవాబు: చట్టం లెక్కలో అది ఆహారం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అంటే ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ. ఇంత జాగ్రత్తగా స్ట్రిప్పు చూసి రాసినందుకు మీకు కృతజ్ఞతలు. ఈ విషయాన్ని ఎక్కువమంది ఇంకా గమనించడం లేదు.

మందుల షాపులో ఒకే బల్ల మీద మూడు వేర్వేరు రకాల నియమాలకు లోబడిన సరుకులు పక్కపక్కనే ఉంటాయి. మొదటివి అల్లోపతి మందులు. వీటిని తయారుచేయడానికీ అమ్మడానికీ కూడా ఔషధ చట్టం కింద లైసెన్సు కావాలి. రెండోవి ఆయుర్వేద, యునాని, సిద్ధ మందులు. వీటి తయారీకి లైసెన్సు కావాలి, అమ్మకానికి అక్కర్లేదు. మూడోవి మీ క్యాప్సూల్ లాంటి ఆరోగ్య సప్లిమెంట్లు. ఇవి 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కిందికి వస్తాయి. వీటి అట్ట మీద ఇది ఔషధ వినియోగానికి కాదని రాసి తీరాలి. మీ స్ట్రిప్పు మీద కూడా ఆ మాట ఉండే ఉంటుంది, కాకపోతే చదవడానికి భూతద్దం కావాలి. ఏ జబ్బునూ నయం చేస్తుందని, రాకుండా ఆపుతుందని వాటి తయారీదారు చెప్పుకోకూడదు.

ఒక కంపెనీ విటమిన్‌ను మందుగా కాక ఆహారంగా అమ్మడానికి ఎందుకు ఇష్టపడుతుందో మీ రెండో ప్రశ్నలోనే ఉంది. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి జాతీయ ఔషధ ధరల సంస్థ గరిష్ఠ ధర కడుతుంది. ఆ జాబితాలో లేని మందుల ధరను కూడా సంవత్సరానికి పది శాతానికి మించి పెంచకూడదు. ఆహారం అనిపించుకున్న క్యాప్సూల్‌కు ఈ రెండు కట్టుబాట్లూ లేవు. తనకు తోచిన ధరను ఎమ్మార్పీగా ముద్రించుకోవచ్చు, షాపుకు తోచినంత లాభం ఇవ్వవచ్చు. ఫార్ములాలో రెండు మూలికల సారమో, ఒక ఖనిజమో చేర్చి మందు అట్టకూ ఆహారం అట్టకూ తేడా తెలియకుండా ముద్రిస్తే కొనేవారికి అది మందే. అమ్మేటప్పుడు మందు, ధర కట్టేటప్పుడు ఆహారం కావడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. నోటి ద్వారా క్యాప్సూల్ రూపంలో ఇచ్చే విటమిన్ ఏ పేరుతో వచ్చినా ఒకే ధరల నియమం కిందికి రావాలి.

ధర కంటే కూడా మోతాదు నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. సప్లిమెంట్లలోని విటమిన్లు, ఖనిజాలు భారత వైద్య పరిశోధన మండలి చెప్పిన రోజువారీ మోతాదులకు లోబడి ఉండాలన్నది నియమాల ఉద్దేశం. అదే షాపులో విటమిన్ డి 60,000 యూనిట్ల క్యాప్సూల్ కూడా దొరుకుతుంది. పెద్దవారికి రోజుకు కావలసింది 600 యూనిట్లు. అంటే ఒక్క క్యాప్సూల్‌లో వంద రోజుల అవసరం ఉంది. లోపం ఉన్నట్టు పరీక్షలో తేలినవారికి వారానికొకటి చొప్పున కొన్ని వారాలు మాత్రమే డాక్టర్లు రాస్తారు. ఆ చీటీనే చూపించి నెలల తరబడి కొనేవారు, ఇంకా ఘోరంగా రోజుకొకటి వేసుకునేవారు ఉన్నారు. విటమిన్ డి ఒంట్లో నిలవ ఉంటుంది. అతిగా చేరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మతిమరుపు వస్తాయి, చివరికి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మీ సంగతికి వస్తే, ఆపరేషన్ చేసిన డాక్టరు చీటీలో ఆ క్యాప్సూల్ ఉందో లేదో చూడండి. లేకపోతే మానేయడం వల్ల మీకు కలిగే నష్టం లేదు.

ప్రశ్న: జిమ్‌కు వెళ్తున్నాను. ప్రొటీన్ పొడి, జుట్టుకు బయోటిన్ వాడుతున్నాను. మంచి కంపెనీవి ఎలా గుర్తించాలి? — పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కంపెనీని ఎంచుకునే ముందు అవసరాన్ని లెక్క వేసుకోండి. ఆరోగ్యవంతులైన పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. అరవై కిలోల మనిషికి ఇది దాదాపు 50 గ్రాములు. కసరత్తు బాగా చేసేవారికి కొంత ఎక్కువ కావచ్చు. పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు, శనగలు రోజూ తినే ఇంట్లో ఇది అందని మొత్తం కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో కండ పెంచుకోవడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దని స్పష్టంగా చెప్పింది.

అయినా కొంటానంటే ఒక కిటుకు తెలిసి ఉండాలి. ప్రొటీన్ ఎంత ఉందో కొలిచే మామూలు పరీక్ష నిజానికి నత్రజనిని కొలిచి, దాన్ని 6.25తో హెచ్చవేస్తుంది. చవకగా దొరికే గ్లైసిన్, టారిన్ వంటివి కలిపితే నత్రజని పెరిగి అట్ట మీది అంకె పెద్దదవుతుంది గానీ కండకు పనికొచ్చే ప్రొటీన్ పెరగదు. పదార్థాల జాబితాలో ఇవి విడిగా కనిపిస్తే ఆ డబ్బా వదిలేయండి. జిమ్ శిక్షకుడు లేబుల్ లేని డబ్బాలోంచి పోసి ఇచ్చేదాన్ని ఏ పరిస్థితిలోనూ తీసుకోకండి.

బయోటిన్ లోపం అరుదు, లోపం లేనివారికి అది జుట్టు పెంచుతుందనడానికి తగిన ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ పరీక్షల ఫలితాలనూ, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షనూ తప్పుగా చూపించగలదు. రక్తం ఇచ్చే ముందు ల్యాబ్‌లోనూ డాక్టరుకూ ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: నాకు చిన్న మందుల షాపుంది. చీటీ లేదని మందు ఇవ్వకపోతే ఆ మనిషి రోడ్డు దాటి ఎదుటి షాపులో కొనుక్కుంటాడు. మీవంటివారు రాసేవి చదవడానికి బాగుంటాయి గానీ, షాపు అద్దె ఎవరు కడతారు? — పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ ప్రశ్న న్యాయమైనది. మీ ఒక్కరి మీద తప్పు మోపితే ఈ విషయానికి అన్యాయం చేసినట్టే.

షాపుకు వచ్చే మనిషి వైపు నుంచి ముందు చూద్దాం. దేశంలో ఆరోగ్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. తగ్గిన తర్వాత కూడా ఆ వాటా పెద్దదే, అందులో మందుల బిల్లు పెద్ద భాగం. రోజు కూలి పోగొట్టుకుని, ఆటో ఖర్చు పెట్టుకుని, డాక్టరు ఫీజు కట్టి, చివరికి మీ షాపుకే రావలసిన మనిషి నేరుగా మీ దగ్గరికి రావడం బద్ధకం కాదు, అవివేకం కాదు. అతనికి అందుబాటులో ఉన్న, ఫీజు అడగని ఒకే ఒక వైద్య సలహా మీ బల్ల దగ్గర దొరుకుతుంది. ఆ సలహాకు మన వ్యవస్థ మీకు ఒక్క పైసా కూడా ఇవ్వదు. ఇచ్చేదంతా సరుకు మీదే. ధర కట్టిన మందు మీద షాపుకు లెక్కగట్టిన లాభం 16 శాతం. దాని మీదే బతకాలంటే కష్టం. సప్లిమెంటు మీద, ఊరూ పేరూ లేని బ్రాండ్ మీద లాభం అంతకు ఎంతో ఎక్కువ, పదికి ఒకటి ఉచితం లాంటి స్కీములు వేరే. సలహా ఇచ్చి ఏమీ అమ్మకుండా పంపిస్తే సున్నా, నాలుగు సరుకులు సంచిలో వేసి పంపిస్తే అద్దె వెళ్లిపోతుంది. దీన్ని మార్చవలసింది ప్రభుత్వం. ఫార్మసిస్టు చేసే సేవకు విడిగా రుసుము ఉండాలి, చీటీ లేకుండా ఫార్మసిస్టు తన బాధ్యత మీద ఇవ్వదగిన మందుల జాబితా చట్టంలో ఉండాలి, ఆ ఇచ్చినదానికి పుస్తకంలో నమోదు ఉండాలి. జాబితా లేకపోవడం వల్ల పారాసెటమాల్ అడిగినవాడికీ అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ అడిగినవాడికీ మీరు ఒకే తీరున సమాధానం చెప్పవలసి వస్తోంది.

అయితే ఇంత చెప్పాక కూడా కొన్ని విషయాలలో ఎదుటి షాపు మాట చెల్లదు. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షను ప్రకారం చీటీ మందులు ఇవ్వవలసింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. గోడకు సర్టిఫికెట్ తగిలించి మనిషి లేకుండా నడిపే షాపు వల్లే మిగతా షాపులకూ చెడ్డపేరు. హెచ్1 మందు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. యాంటీబయాటిక్‌ను రెండు రోజులకు కత్తిరించి ఇవ్వడం ఆ ఒక్క మనిషికే కాదు, రేపు అదే మందు పనిచేయక ఆసుపత్రిలో పడే ఇంకొకరికీ హాని. స్టెరాయిడ్ కలిసిన చర్మపు క్రీములు కూడా 2018 నుంచి చీటీ మీదే అమ్మాలి. గజ్జికీ తామరకూ ముఖం తెల్లబడడానికీ ఒకే క్రీము ఇచ్చే అలవాటు వల్ల మొండి తామర ఎంత పెరిగిందో ఏ చర్మ వైద్యుణ్ని అడిగినా చెబుతారు.

అన్నీ ఒక్క రోజులో సాధ్యం కావు. ముందు నాలుగు రకాల మందుల దగ్గర గట్టిగా నిలబడండి: యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్‌లు, నిద్రమాత్రలు, మింగే నొప్పి మాత్రలు. మిగతావి ఇచ్చేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎవరికి, ఎన్ని రోజులుగా ఉంది, ఇంకేమి మందులు వాడుతున్నారు. ఆ మూడు ప్రశ్నలకు నిమిషం పట్టదు. నల్గొండ నుంచి రాసిన పాఠకురాలి తండ్రిని నాలుగేళ్లలో ఒక్కసారి మూడో ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే చాలా మేలు జరిగేది.

ప్రశ్న: జన ఔషధి కేంద్రాల మందు చవక కాబట్టి నాణ్యత తక్కువా? — పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదు. 2008లో మొదలైన ఈ పథకంలో బ్రాండ్ ప్రచారం ఖర్చు, మధ్యవర్తుల లాభాలు తగ్గడం వల్ల ధర తగ్గింది. బ్రాండ్ మందుల కంటే సుమారు 50 నుంచి 80 శాతం తక్కువని ప్రభుత్వం చెబుతోంది. బ్రాండ్ మందుకైనా జనరిక్ మందుకైనా వర్తించే ప్రమాణం ఒకటే. నాణ్యత లేని బ్యాచ్‌లు రెండింటిలోనూ అప్పుడప్పుడూ పట్టుబడుతున్నాయి, కాబట్టి ధరను బట్టి నాణ్యతను అంచనా వేయకండి. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి.

ప్రశ్న: షుగరును శాశ్వతంగా తగ్గిస్తుందని ప్రకటన చూసి మా అత్తయ్య ఆయుర్వేద పొడి తెప్పించుకుంది. ఆయుర్వేదం కాబట్టి హాని ఉండదంటోంది. మాత్రలు మానేస్తుందేమోనని భయంగా ఉంది. — పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ భయం సబబైనదే. అలాంటి ప్రకటనే నేరం. 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల చట్టం జబ్బుల జాబితా ఒకటి ఇచ్చి, వాటిని నయం చేస్తామని ప్రకటించడాన్ని నిషేధించింది. మధుమేహం, ఊబకాయం, రక్తపోటు, ఎత్తు పెరగడం అన్నీ అందులో ఉన్నాయి. మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. చట్టం ఉండి కూడా ఈ ప్రకటనలు ఫోన్లలో నిరాటంకంగా తిరుగుతుండడం బాధాకరం.

ఆయుర్వేదాన్ని అనుభవజ్ఞుడైన వైద్యుడు నాడి చూసి, మనిషిని చూసి ఇవ్వడం వేరు, పొట్లం పోస్టులో రావడం వేరు. విషగుణమున్న ద్రవ్యాలు కలిసిన ఆయుర్వేద మందుల మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ముద్రించాలని మన నిబంధనలే చెబుతున్నాయి. 2004లోనూ 2008లోనూ అమెరికాలో వెలువడిన పరిశోధనలలో అక్కడ అమ్ముతున్న ఆయుర్వేద ఉత్పత్తులలో సుమారు ఐదో వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించింది. లేబుల్ లేని పొడులలో అల్లోపతి షుగరు మాత్రను దంచి కలపడం కూడా ఉన్నదే. అప్పుడు షుగరు నిజంగానే పడిపోతుంది, ఎంత పడిపోతుందో ఎవరికీ తెలియదు.

అత్తయ్యగారితో ఆయుర్వేదం మంచిదా చెడ్డదా అని వాదించకండి, పట్టుదల పెరుగుతుంది. ‘నువ్వు పొడి వాడినా మాత్రలు మాత్రం మానకు, వారానికి రెండుసార్లు షుగరు చూద్దాం’ అని ఒప్పించండి. ఆ అంకెలు పట్టుకుని ఆవిడ డాక్టరు దగ్గరికి మీరూ వెళ్లండి, డాక్టరుకు పొడి సంగతి దాచకండి.

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు నిండలేదు. దగ్గుకు సిరప్పు అడిగితే షాపులో వెంటనే ఇచ్చారు. సిరప్పుల గురించి వార్తలు విన్నాక పోయడానికి చేతులు రాలేదు. సీసా పారేయమంటారా? — పాఠకురాలు, అనంతపురం

జవాబు: పోయకపోవడమే మంచిదైంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో ఒక దగ్గు సిరప్పు తాగి ఇరవై మందికి పైగా పిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. 0.1 శాతానికి మించకూడని డైఇథైలిన్ గ్లైకాల్ అనే విషం ఆ సిరప్పులో 48.6 శాతం ఉన్నట్టు పరీక్షలో తేలింది. సిరప్పుకు ఆధారంగా వాడే ద్రవంలో పరిశ్రమల సరుకు కలిస్తే, ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించవలసిన కంపెనీ పరీక్షించకపోతే ఇలా జరుగుతుంది. అంతకుముందు 2019-20లో జమ్మూలోని రామ్‌నగర్‌లోనూ పిల్లలు ఇదే విషంతో పోయారు.

విషం లేకపోయినా ఈ వయసులో దగ్గు సిరప్పు అక్కర్లేదు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దనీ, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయబోమనీ కేంద్ర ఆరోగ్య సేవల విభాగం 2025 అక్టోబరులో సూచించింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు వారికి వాడరాదని సీసా మీద ముద్రించమని 2023 డిసెంబరులోనే ఆదేశాలు వచ్చాయి. మీ సీసా మీద ఆ మాట ఉందో లేదో చూడండి. పిల్లల దగ్గు ఎక్కువగా వైరస్ వల్ల వచ్చి దానంతట అదే తగ్గుతుంది. పాలు, గోరువెచ్చని నీళ్లు తరచుగా పట్టండి, ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, జ్వరం మూడు రోజులు దాటినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

సీసాను పారేయకండి. మూత బిగించి, బాబుకు అందని చోట బిల్లుతో పాటు దాచి, అనుమానంగా ఉందని మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాసి ఇవ్వండి. నమూనా పరీక్షకు పంపడానికి బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కావాలి, అవి సీసా మీదే ఉంటాయి. ఏ మందు వాడిన తర్వాతైనా ఒంట్లో తేడా చేస్తే ఔషధ దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం వారి ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024కు ఎవరైనా చెప్పవచ్చు, డాక్టరే చెప్పనక్కరలేదు.